ఎదురుగాలికి తూకంతో పని లేదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు ఒంగోలులో ఉంటారు. కొన్నేళ్ళుగా హైబ్రిడ్ సైకిలు మీద తెల్లవారుజామున కొత్తపట్నం తీరం దాకా వెళ్ళి వస్తున్నారు. ఈ చలికాలంలో 40 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో, అంటే ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీపడే పందెంలో పాల్గొనాలి, ఆ తరువాత 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువు లోపల ముగించాల్సిన దూర ప్రయాణం పూర్తి చేయాలి అన్నది కోరిక. చేతిలో లక్షన్నర రూపాయలున్నాయి. ఒక మిత్రుడు ఆ డబ్బంతా పెట్టి కార్బన్ ఫ్రేము సైకిలు కొనమంటున్నాడు. ఇంకొకాయన ఉన్న సైకిలునే ఉంచుకుని 50 మిల్లీమీటర్ల లోతు రిమ్ములున్న (అంచు నుంచి ఇరుసు వైపుకు అంత వెడల్పున్న) కార్బన్ చక్రాలు వేయించుకోమంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా వినకండి. అల్యూమినియం ఫ్రేము, ముందు చక్రాన్ని పట్టి ఉంచే కార్బన్ ఫోర్కు, కనీసం 32 మిల్లీమీటర్ల టైరు పట్టే ఖాళీ ఉన్న రోడ్డు సైకిలు తీసుకోండి. ఆ తరగతివి లక్ష లోపే దొరుకుతాయి. మిగిలిన డబ్బు టైర్లకు, మంచి సైక్లింగ్ నిక్కరుకు, లైట్లకు, కూర్చునే తీరు సరిచేయించుకోవడానికి వాడండి. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగ్గా రాయాలి. నేనుండేది కావలిలో. అటు ఒంగోలు, ఇటు నెల్లూరు, పడమర ఉదయగిరి దాకా తొక్కిన కాళ్ళు నావి. అందువల్ల ఈ జవాబులో మన గాలీ, మన ముళ్ళూ, మన ఉప్పూ ఎక్కువగా కనబడతాయి. విదేశీ పత్రికల్లో వచ్చే సమీక్షల్లో ఈ మూడింటికీ చోటు ఉండదు.

సైకిలు దుకాణానికి వెళ్ళిన ప్రతివాడూ మొదట చేసే పని సైకిలును ఒంటి చేత్తో పైకెత్తి చూడటం. తేలిగ్గా లేస్తే మంచి సైకిలు. అమ్మేవారికీ అది అనుకూలమే, ఎందుకంటే అక్కడికక్కడ చేతికి తెలిసే గుణం తూకం ఒక్కటే. గాలిలో ఎలా పోతుందో, ఆరు గంటల తరువాత నడుము ఏమంటుందో దుకాణంలో తెలియదు. ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ రేసు సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదని 2000లో నియమం పెట్టింది. వృత్తి రేసర్ల సైకిళ్ళు ఈనాటికీ ఆ అంకె చుట్టూనే తిరుగుతుంటాయి. వాళ్ళు ఆల్ప్స్ కొండలు ఎక్కుతారు. మనం ఎక్కే ఎత్తు ఏది? కొత్తపట్నం దారిలో అన్నిటికంటే ఎత్తయినది కాలువ మీది వంతెన.

లెక్క వేసి చూద్దాం. మీరూ, సైకిలూ, నీళ్ళ సీసాలూ కలిపి 85 కిలోలు అనుకోండి. గాలి లేని వేళ, చదునైన రోడ్డు మీద గంటకు 33 కిలోమీటర్ల వేగంతో పోవడానికి సుమారు 200 వాట్లు కావాలి. అందులో దాదాపు 160 వాట్లు గాలిని చీల్చుకుపోవడానికే ఖర్చవుతాయి. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం టైర్లు తింటాయి. ఇప్పుడు సైకిలు బరువులో 2 కిలోలు తగ్గించండి. మిగిలేది ఒక్క వాటు, అది కూడా నిండుగా ఉండదు. అదే మనిషి హ్యాండిల్ పైభాగం పట్టుకుని నిటారుగా కూర్చోవడం మాని, మోచేతులు వంచి, వంపు కింది భాగం పట్టుకుని వీపు దించితే పాతిక వాట్ల దాకా మిగులుతాయి. మొద్దు టైర్లు తీసి మంచి టైర్లు వేస్తే ఇంకో ఇరవై. 50 మిల్లీమీటర్ల రిమ్ములు ఈ వేగంలో ఇచ్చేది సుమారు నాలుగైదు వాట్లు. లక్షన్నర ఎక్కడ పెట్టాలో ఈ అంకెలే చెబుతాయి.

కొండ దారిలో తూకానికి విలువ ఉంటుంది, కాదనను. రాపూరు నుంచి చిట్వేలి వెళ్ళే ఘాట్ రోడ్డులోనో, దోర్నాల నుంచి శ్రీశైలం పోయే నల్లమల దారిలోనో నూటికి 5 చొప్పున ఎక్కుతుంటే ఆ 2 కిలోలకు నూటికి రెండు పైచిలుకు శక్తి మిగులుతుంది. గంటసేపు ఎక్కే దారిలో నిమిషానికి కొంచెం ఎక్కువ తేడా. ఏడాదికి ఒకసారి శ్రీశైలం వెళ్ళే మనిషికి ఆ నిమిషం ఖరీదు ఎంత అన్నది మీరే తేల్చుకోండి. ఒకటి రెండు కిలోలు తగ్గడానికి మనందరి నడుముల దగ్గరా కార్బన్ కంటే చౌకైన ఏర్పాటు ఉందన్న మాట మా కావలిలో తరచుగా వినబడుతుంది. నా ముందు మాత్రం కొంచెం మెల్లగా అంటారు.

గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది, దానికి కావలసిన శక్తి ఘనంగా పెరుగుతుంది. ఈ నిరోధంలో ముప్పాతిక వంతు మన ఒంటి వల్లనే. సైకిలు వాటా పావు వంతు, అందులో చక్రాలది ఒక ముక్క. మూడు వారాలు సాగే టూర్ డి ఫ్రాన్స్ రేసులో 1989 నాటి చివరి రోజు దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. వెర్సాయి నుంచి పారిస్‌కు 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. లోరాన్ ఫిన్యోన్ 50 సెకన్ల ఆధిక్యంతో బయలుదేరాడు. అతని సైకిలుకు ముందూ వెనకా మూసిన పళ్ళెం చక్రాలే, నెత్తిన మాత్రం ఏమీ లేదు, జుట్టు పిలక గాలికి ఎగురుతోంది. అతని వెనక రెండో స్థానంలో ఉన్న గ్రెగ్ లెమాండ్‌కు వెనక ఒక్కటే పళ్ళెం చక్రం. కానీ ముంజేతులు ముందుకు చాచి ఆనించుకునే హ్యాండిల్, గాలికి తగిన శిరస్త్రాణం. మొత్తం పోటీని లెమాండ్ 8 సెకన్ల తేడాతో గెలిచాడు. చక్రాల మీద పెట్టిన సొమ్ము ఓడి, వీపు వంచిన పద్ధతి నెగ్గిన రోజు అది.

ఆ చేతులు చాచుకునే హ్యాండిల్‌ను టైమ్ ట్రయల్‌కు బిగించుకోవచ్చు. చవకలో వేగం ఇచ్చే వస్తువుల్లో దానిది మొదటి వరస. అయితే అది పట్టుకున్నప్పుడు బ్రేకులు చేతికి అందవు కాబట్టి గుంపుగా సాగే రేసుల్లో నిషిద్ధం, గుంపుతో సాధన చేసే రోజు కూడా వాడకూడదు. బిగించిన రోజే పందేనికి వెళ్ళకండి. మెడ, నడుము అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది.

ఇప్పుడు లోతు రిమ్ముల మాట. 50 మిల్లీమీటర్ల చక్రాలు చదును నేల మీద వేగమిస్తాయన్నది నిజమే. కాకపోతే మన జాతీయ రహదారి ఏ దిక్కుగా పోతుందో చూడండి. 16వ నంబరు రహదారి నెల్లూరు నుంచి ఒంగోలుకు దాదాపు ఉత్తరంగా, సముద్రానికి సమాంతరంగా పోతుంది. గాలి ఎక్కువ రోజులు సముద్రం వైపు నుంచే వస్తుంది, అంటే పక్కనుంచి. చలికాలంలో ఈశాన్యపు గాలి. మీరు ఉత్తరంగా పోతున్నారనుకోండి. గాలి కుడివైపు నుంచి తోస్తుంది, దానికి ఎదురుగా మీరు తెలియకుండానే కుడివైపుకు ఒరిగి తొక్కుతుంటారు. ఇంతలో కుడి పక్కనుంచి ఒక లారీ దాటుతుంది. లారీ గోడలా అడ్డం వచ్చిన క్షణంలో గాలి ఆగిపోతుంది, ఒరిగి ఉన్న మీరు ఒక్కసారిగా లారీ వైపుకే జరుగుతారు. లారీ దాటగానే గాలి మళ్ళీ కొడుతుంది. మామూలు చక్రాలతో ఇది చిన్న ఊపు. ముందు చక్రం లోతుగా ఉంటే హ్యాండిల్‌నే లాగేస్తుంది. చీమకుర్తి గ్రానైట్ దిమ్మలు మోసుకెళ్ళే లారీ పక్కన ఆ అనుభవం ఎవరికీ వద్దు.

కిందటి చలికాలంలో మా వైపు సర్వీసు రోడ్డు మీద కొందరు కుర్రవాళ్ళు తమలో తాము పెట్టుకున్న టైమ్ ట్రయల్‌కు నేను గడియారం పట్టుకుని నిలబడ్డాను. అందరిలోకీ బలమైనవాడు లోతు చక్రాలతో వచ్చాడు. ఒక బడి మాస్టారు మామూలు అల్యూమినియం రిమ్ములతో, చవక చేతుల హ్యాండిల్ బిగించుకుని వచ్చారు. ఇద్దరి సత్తువకూ పోలిక లేదు, రెండు మూడు నిమిషాల తేడా ఉంటుందని అందరం అనుకున్నాం. గెలిచింది కుర్రవాడే, కానీ అర నిమిషం తేడాతో. ఎందుకని అడిగితే అతనే చెప్పాడు: గాలి పక్కనుంచి కొట్టిన మేర అంతా భయంతో లేచి కూర్చుని, బ్రేకుల మీద వేళ్ళు పెట్టుకుని తొక్కానని. మాస్టారు వంచిన తల ఎత్తలేదు. చక్రం ఇచ్చిన అయిదు వాట్లను వీపు లేపి పాతిక వాట్లుగా తిరిగి చెల్లించాడన్నమాట. మీకు లోతు మీద అంత మోజుంటే వెనక చక్రానికి వేసుకోండి, ముందుది 30 మిల్లీమీటర్లు దాటనీయకండి. గాలికి తిరగబడేది ముందు చక్రమే.

టైమ్ ట్రయల్‌లో శక్తిని ఎలా పంచుకోవాలన్నది మీరు అడగలేదు, అయినా చెబుతాను, ఎందుకంటే ఇది డబ్బు పెట్టకుండా వచ్చే వేగం. 20 కిలోమీటర్లు వెళ్ళి తిరిగి 20 వచ్చే దారిలో వెనుకగాలి వైపు గంటకు 40, ఎదురుగాలి వైపు 27 అనుకోండి. మొదటి సగానికి 30 నిమిషాలు, రెండో సగానికి 44 నిమిషాలకు పైగా. మీరు ఎక్కువ సేపు ఉండేది ఎదురుగాలిలో కాబట్టి అక్కడ పెట్టిన కష్టానికే ఫలితం ఎక్కువ. కొత్తవాళ్ళు దీనికి తలకిందులుగా చేస్తారు. వెనుకగాలిలో వేగం చూసి ముచ్చటపడి ఊపిరంతా అక్కడే ఖర్చు పెట్టి, తిరిగి వచ్చేటప్పుడు చతికిలబడతారు. వెనుకగాలిలో కొంచెం నిమ్మళంగా, ఎదురుగాలిలో కొంచెం గట్టిగా తొక్కండి. ఎంత గట్టిగా అన్నది తెలుసుకోవడానికి తొక్కే శక్తిని వాట్లలో కొలిచే పవర్ మీటర్ కొనక్కరలేదు. ఛాతీకి కట్టుకునే గుండె వేగం పట్టీ చాలు. పక్కన ఎవరో ఉన్నట్టు పూర్తి వాక్యం మాట్లాడగలిగితే తక్కువ తొక్కుతున్నట్టు, రెండు మాటలు మాత్రమే అనగలిగితే సరిపోయినట్టు.

గాలి వేళలు మీకు కొత్తపట్నం దారిలో ఈపాటికే తెలిసి ఉంటాయి. తెల్లవారుజామున నేల మీది గాలి మెల్లగా సముద్రం వైపు పోతుంది, పది పదకొండు దాటాక సముద్రం నుంచి నేల మీదికి తిరుగుతుంది. ఎండాకాలంలో మధ్యాహ్నం నుంచి దక్షిణపు గాలి ఉద్ధృతంగా వీస్తుంది. జూన్, జూలైలలో పడమటి గాలి కొడుతున్న ఉదయం తీరం దాకా హాయిగా వెళ్ళినవాడు ఇంటికి చేరేసరికి సగం అయిపోతాడు. మన ఎండకు ఒక చిన్న మేలు కూడా ఉంది. 35 డిగ్రీల వేడిలో గాలి 15 డిగ్రీల గాలి కంటే నూటికి ఆరేడు వంతులు పలచగా ఉంటుంది, కాబట్టి నిరోధం ఆ మేరకు తగ్గుతుంది. కానీ మన ఒళ్ళు ఆ వేడికి అంతకంటే ఎక్కువ నష్టపోతుంది, లాభం లెక్కలోకి రాదు.

టైర్ల దగ్గర ఎంత చెప్పినా తక్కువే. ఈ రెండు జిల్లాల్లో సైక్లిస్టును అందరికంటే ఎక్కువగా ఆపేది పల్లేరు కాయ. వానలు వెళ్ళాక రోడ్డు అంచున తీగ ఎండిపోయి కాయలు రాలి ఉంటాయి, ఏ వైపు పడ్డా ఒక ముల్లు పైకే ఉంటుంది. రెండోది చిల్లకంప, అదే సర్కారు తుమ్మ. కంప నరికి తీసుకెళ్ళే ట్రాక్టర్ల నుంచి ముళ్ళు రోడ్డు పొడవునా రాలుతాయి. మూడోది చీమకుర్తి, పొదిలి వైపు వెళితే రాతి పెచ్చులు. ఈ మూడింటికీ మందు సన్న టైరులో లేదు. ఒకప్పుడు 23 మిల్లీమీటర్ల టైరే వేగమైనదని అందరూ నమ్మారు. ఇప్పుడు వృత్తి రేసర్లే 28కి, కొందరు ఇంకా పైకి వెళ్ళారు. గరుకు రోడ్డు మీద గట్టిగా కొట్టిన సన్న టైరు ఎగిరెగిరి పడుతూ శక్తిని వృథా చేస్తుంది, కాస్త వెడల్పు టైరు తక్కువ గాలితో రోడ్డును అంటిపెట్టుకుని పోతుంది. 75 కిలోల మనిషికి 28 టైరులో వెనక 75 నుంచి 80, ముందు 70 పీఎస్ఐ సరిపోతుంది. టైరు పక్కన అచ్చు వేసిన గరిష్ఠ అంకె దాకా కొట్టడం మన పంపుల దగ్గర అలవాటు. ఆ అంకె దాటకూడని హద్దు మాత్రమే.

రకం ఎంపికలో ఒక బేరం ఉంది. ష్వాల్బే మారథాన్ వంటి దళసరి టైరుకు ముల్లు దాదాపు దిగదు, కానీ అది దూర ప్రయాణాల సామాను సైకిలుకు చేసినది, రేసు రోజున మీ శక్తిలో ఇరవై వాట్ల వరకూ మింగేస్తుంది. కాంటినెంటల్ గ్రాండ్ ప్రి 5000 వంటి రేసు టైరు చాలా చురుకు, కానీ రోజూ వాడితే పల్లేరుకు పండగ. రోజువారీ సాధనకూ బ్రెవేకూ గేటర్‌స్కిన్ తరహా మధ్యస్థపు టైరు పెట్టుకుని, టైమ్ ట్రయల్‌కు రెండు రోజుల ముందు రేసు టైర్లు ఎక్కించుకోవడం నా పద్ధతి. రెండు జతలు కొన్నా కార్బన్ చక్రాల ధరలో చిన్న వంతే. ట్యూబులేని టైర్లు, లోపల ద్రవం పోసేవి, పల్లేరు రంధ్రాలకు బాగా పని చేస్తాయి. మన వేడికి ఆ ద్రవం రెండు మూడు నెలల్లో ఎండి అట్టకడుతుంది, మళ్ళీ మళ్ళీ పోస్తూ ఉండాలి. ఆ ఓపిక ఉంటేనే దాని జోలికి వెళ్ళండి. రోడ్డు దిగి నీడకు ఆగినప్పుడు సైకిలును నేల మీద తోసుకెళ్ళకండి, భుజాన వేసుకోండి. చూసినవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి.

ఊళ్ళలో పంక్చర్ షాపు మీద ఆధారపడాలంటే రెండు సంగతులు ముందే తెలిసి ఉండాలి. మామూలు సైకిళ్ళకు వేసే 28 అంగుళాల టైరు లోపలి అంచు కొలత 635 మిల్లీమీటర్లు, మీ రోడ్డు సైకిలుకు వచ్చే 700సీ రిమ్ముది 622. ఒకటి ఇంకొకదానికి ఎక్కదు, షాపులో ఉన్న టైరు మీకు పనికిరాదు. రెండోది వాల్వు. మన సైకిళ్ళ వాల్వు వేరు, మోటారు సైకిళ్ళది వేరు, రోడ్డు సైకిళ్ళకు వచ్చే సన్నటి ప్రెస్టా వాల్వు వేరు. చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి సంచిలో ఉంటే ఏ పంపుతోనైనా గాలి కొట్టించుకోవచ్చు. లేకపోతే షాపు ముందే నిలబడి బిక్కముఖం వేయాలి. మామూలు రబ్బరు ట్యూబుకు షాపులో వేసే ప్యాచ్ చక్కగా నిలుస్తుంది, నీళ్ళ తొట్టిలో ముంచి రంధ్రం పట్టడంలో వాళ్ళ నేర్పు మనకు రాదు. కొత్తగా వస్తున్న టీపీయూ అనే ప్లాస్టిక్ ట్యూబులు చాలా తేలిక, కానీ షాపులో ప్యాచ్‌కు పూసే సొల్యూషన్ వాటికి అంటుకోదు, ప్రత్యేకమైన ప్యాచ్ కావాలి.

నెల్లూరు జిల్లాలోకి వస్తే కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు కోతల కాలంలో రోడ్డు సగానికి వడ్లు ఆరబోసి ఉంటాయి. వాటి మీద టైరు మళ్ళిస్తే జారడం ఖాయం. దిగి నడవండి, రైతును కోప్పడకండి.

ఉప్పు సంగతికి వద్దాం. మైపాడు వైపైనా కొత్తపట్నం వైపైనా రొయ్యల చెరువుల మధ్య నుంచి దారి. రొయ్యల వాహనాల నుంచి కారిన నీళ్ళు రోడ్డు మీద ఎప్పుడూ ఉంటాయి. తీరం నుంచి వచ్చిన రోజు మంచినీళ్ళతో సైకిలు కడిగి, గొలుసు తుడిచి, ఆరబెట్టి నూనె వేయాలి. సీటు గొట్టం, పెడళ్ళ మరలు ఏడాదికి రెండుసార్లు విప్పి గ్రీజు రాయించండి. రాయకపోతే గొట్టం ఫ్రేములోనే పట్టేసి రంపంతో కోయాల్సి వస్తుంది. గొలుసు అరుగుదల చూడటానికి పనిముట్టు అక్కరలేదు, ఉక్కు స్కేలు చాలు. గొలుసు కీలుకు కీలుకు అర అంగుళం, కాబట్టి 24 కీళ్ళ దూరం సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో 16వ వంతు ఎక్కువైతే గొలుసు మార్చండి. 8వ వంతు దాకా ఆగారంటే వెనక పళ్ళ చక్రాలు కూడా అరిగి ఉంటాయి, ఖర్చు మూడింతలు.

గేర్ల విషయంలో పేరు చూసి మోసపోకండి. షిమానో కంపెనీ గేర్లలో క్లారిస్ రకానికి వెనక 8 చక్రాలు, సోరాకు 9, టియాగ్రాకు 10, ఆ పైది 105 అనే రకం. అంతస్తు పెరిగేకొద్దీ తూకం తగ్గుతుంది, మార్పు మెత్తబడుతుంది, గొలుసు ధర పెరుగుతుంది. మీ అవసరానికి సోరా చాలు. చూడాల్సింది పళ్ళ లెక్క. ముందు చక్రాలకు 50, 34 పళ్ళు, వెనకవాటికి 11 నుంచి 32 దాకా ఉంటే చిన్న గేరులో పెడలు ఒక చుట్టుకు 2.2 మీటర్లు కదులుతారు, ఏ ఘాట్ అయినా కూర్చునే ఎక్కవచ్చు. ముందు 50, వెనక 17 పళ్ళ గేరులో నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకు 33 కిలోమీటర్లు, అదే మీ టైమ్ ట్రయల్ గేరు. 50-11లో అదే లయతో 51 కిలోమీటర్లు. అంత వేగం మనకు వంతెన దిగేటప్పుడు కూడా రాదు, కాబట్టి 53 పళ్ళ చక్రం కావాలని పట్టుబట్టకండి.

బ్రేకులు డిస్కువే తీసుకోండి, తీగతో పనిచేసే రకం. ఆయిలుతో పనిచేసేవి మేలైనవే కానీ గాలి చొరబడితే సరిచేసే చేయి మన దగ్గర దొరకడం కష్టం, చెన్నైకో హైదరాబాద్‌కో తీసుకెళ్ళాలి. రిమ్మును పట్టే బ్రేకులతో కార్బన్ చక్రాలు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. మా మిత్రుడొకరు పేరూ ఊరూ లేని కార్బన్ చక్రాలు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని నల్లమల ఘాట్ దిగుతుంటే, పట్టి పట్టి బ్రేకు వేసిన వేడికి రిమ్ము పొర లేచిపోయింది. వేగం తక్కువ కాబట్టి మోకాలి తోలుతో సరిపోయింది. అల్యూమినియం వేడిని వదిలేస్తుంది, కార్బన్ అట్టేపెట్టుకుంటుంది.

కూర్చునే తీరుకు వస్తే, బండలాగుడు పోటీలు చూసినవారికి చెప్పక్కరలేదు: ఎంత మేలిజాతి ఒంగోలు గిత్తకైనా కాడి మెడ మీద సరిగ్గా కూర్చోకపోతే బండ కదలదు. గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ళ మధ్య ఒక పుస్తకం అడ్డంగా పైకి ఇరికించి, దాని పై అంచు నుంచి నేలదాకా కొలవండి. ఆ కొలతను 0.883తో గుణిస్తే పెడళ్ళ కాడలు రెండూ కలిసే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. 80 సెంటీమీటర్లయితే 70.6. ఇది మొదటి అంచనా. అక్కడి నుంచి అయిదేసి మిల్లీమీటర్లు జరుపుకుంటూ చూసుకోవాలి. మోకాలి ముందు నొప్పి వస్తే సీటు కిందికి ఉన్నట్టు, వెనక నొప్పి వస్తే పైకి ఉన్నట్టు, చాలాసార్లు.

సీటు మెత్తగా ఉండాలని దిండులాంటి తొడుగులు కొంటారు, గంట దాటాక అవే ఒరుసుకుంటాయి. మా చిన్నప్పుడు ఊళ్ళోకి వచ్చి కాలు నేల మోపకుండా వారం రోజులు సైకిలు తొక్కే మనుషులుండేవారు. స్నానం, భోజనం, జనం ఇచ్చే చిల్లర అందుకోవడం అంతా సైకిలు మీదే. వాళ్ళ కింద ఉన్నది గట్టి తోలు సీటు. మీ కూర్చునే ఎముకల మధ్య వెడల్పుకు తగిన గట్టి సీటు, లోపల మెత్త కుట్టిన నిక్కరు, దాని లోపల ఇంకేమీ వేసుకోకపోవడం. ఈ మూడో మాట చెప్పడానికి దుకాణంవాళ్ళు మొహమాటపడతారు, అందుకే సగం మంది పుండ్లతో ఇంటికి వస్తారు. బూట్లకు అడుగున రెండు మరల క్లీటు (పెడలుకు పట్టుకునే ముక్క) వచ్చే ఎస్‌పీడీ రకం తీసుకోండి. బ్రెవేలో టీ కొట్టుదాకా నడవగలగాలి కదా. హెల్మెట్ గురించి వాదన అక్కరలేదు. 2003లో పారిస్-నీస్ రేసులో ఆంద్రేయ్ కివిలేవ్ పడి చనిపోయాక యూసీఐ దాన్ని తప్పనిసరి చేసింది. ఒకసారి గట్టిగా తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా మళ్ళీ వాడకండి, లోపలి నురుగు నలిగిపోయి ఉంటుంది.

బ్రెవే వేరే ప్రపంచం. అది పందెం కాదు, ఎవరు ముందు వచ్చారన్న వరుస ఉండదు. 200 కిలోమీటర్లకు గడువు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. నాలుగూ ఒకే ఏడాదిలో చేస్తే సూపర్ రాండొనార్ అన్న బిరుదు. ఫ్రాన్స్‌లో నాలుగేళ్ళకొకసారి 1200 కిలోమీటర్ల పారిస్-బ్రెస్ట్-పారిస్ జరుగుతుంది, వచ్చేది 2027లో. 200కు కావలసిన సగటు గంటకు 15 లోపే, టీలు, పంక్చర్లు, ఫొటోలు అన్నీ కలిపి. మీరు కొత్తపట్నం వెళ్ళివచ్చే వేగం ధారాళంగా సరిపోతుంది. పోయేది ఆగిన చోట్ల. ఒక్కో నియంత్రణ కేంద్రం దగ్గర అరగంట కూర్చునేవాడు మిగిలినంతా చెమటోడ్చి తొక్కాలి. తొక్కేటప్పుడు తొందర వద్దు, ఆగినప్పుడు తొందరపడండి. గుంపు వెనక, గాలి తగలని నీడలో పోతే శక్తి నూటికి ముప్పై వంతుల దాకా ఆదా అవుతుంది, బ్రెవేలో అది తప్పు కాదు, మీ వంతు వచ్చినప్పుడు ముందుకు వెళ్ళడం మర్యాద. పక్కగాలిలో నీడ సరిగ్గా వెనక ఉండదు, పక్కకు జరిగి ఉంటుంది. దాని కోసం రోడ్డు మధ్యకు విస్తరించకండి, ఇద్దరి కంటే ఎక్కువ పక్కపక్కన ఉండటం మన రహదారి మీద ప్రాణానికి చేటు.

లైట్లకు డబ్బు చూడకండి. వెనక రెండు ఎర్ర లైట్లు, ఒకటి వెలుగుతూ, ఒకటి మినుకుతూ. ముందు ఒకటి బలంగా. మెరుపు పట్టీల జాకెట్ సరేసరి. డిసెంబరులో తెల్లవారుజామున మంచు కమ్మితే లారీ డ్రైవరుకు మీరు కనబడేది ఆ లైటు వల్లనే.

దాహం వేయకముందే తాగాలన్న మాట మన వేడిలో అక్షరాలా నిజం. గంటకు లీటరు చెమట పోవడం ఇక్కడ మామూలు, దానితోపాటు ఉప్పు పోతుంది. వట్టి నీళ్ళే తాగుతూ పోతే తల తిరుగుతుంది, పిక్కలు పట్టేస్తాయి. లీటరు నీళ్ళకు ఒక ఓఆర్ఎస్ పొట్లం, దారిలో ఉప్పు వేసిన మజ్జిగ, జేబులో పల్లీ చిక్కి, నువ్వుల ఉండలు, అరటిపండు. విదేశీ జెల్ పొట్లాలు టైమ్ ట్రయల్‌కు ఒకటి వాడితే వాడండి, బ్రెవే పొడుగునా వాటితో కడుపు నింపితే చివరి కిలోమీటర్లు పొదల వెంట గడుస్తాయి.

మీ పాత హైబ్రిడ్‌ను అమ్మకండి. నవంబరు వానల్లో, రొయ్యల నీళ్ళ దారిలో సాధన దాని మీదే చేసుకుంటే కొత్త సైకిలు ఉప్పు బారిన పడదు. కొత్తదాన్ని పందేనికి కనీసం ఆరు వారాల ముందు తెచ్చుకోండి. టైమ్ ట్రయల్ ఏ రోడ్డు మీద, ఏ వైపుగా, ఎన్ని గంటలకు మొదలవుతుందో తెలిశాక రాయండి. ఈశాన్యపు గాలిలో ఏ సగంలో ఎంత తొక్కాలో లెక్క వేసి చెబుతాను.